చెక్కపనిలో తెగేది చెక్కను పట్టుకున్న చెయ్యే

ఉలి పట్టిన చెయ్యి పదునుకు వెనకాలే ఉంటుంది. రంపం పట్టిన చెయ్యి పిడి మీదే ఉంటుంది. ఇంట్లో చెక్కపని చేసేవాళ్లకు దెబ్బ ఎక్కువగా తగిలేది రెండో చేతికి, అంటే చెక్క కదలకుండా అదిమిపట్టిన చేతికి. కింద చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా ఆ చేతిని పని నుంచి తప్పించేవే.

అందుకే ఇంకో మెషీన్ కొనాలని ఉన్నా ముందు క్లాంపులు, అంటే చెక్కను బల్లకు బిగించి పట్టే పట్టుకొయ్యలు, కొనండి. 15 సెంటీమీటర్లు తెరుచుకునేవి రెండు, 30 సెంటీమీటర్లవి రెండు ఉంటే చాలా పనులకు సరిపోతాయి. ఒక్కటే బిగిస్తే చెక్క దాని చుట్టూ గిర్రున తిరుగుతుంది కాబట్టి ఎప్పుడూ రెండు వాడాలి. చెక్క మీద గుంట పడకుండా క్లాంపు దవడ కింద పనికిరాని పలక ముక్క ఒకటి పెట్టాలి. మోకాలి మీద చెక్క పెట్టుకుని కోయడం, చెక్కడం అసలొద్దు. పనిముట్టు జారితే తొడలో దిగుతుంది.

ఉలి పట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇది ఇప్పుడు జారితే ఎక్కడికి పోతుంది? ఆ దారిలో వేలు గానీ అరచెయ్యి గానీ ఉండకూడదు. రెండు చేతులూ పదునుకు వెనకే ఉండాలి. పల్చగా చెక్కేటప్పుడు ఒక చెయ్యి పిడిని తోస్తుంది, రెండో చేతి వేళ్లు ఉలి రేకు మీద ఆని బ్రేకులా పనిచేస్తాయి.

మొద్దు ఉలి పదునైన దానికన్నా ప్రమాదం. మొద్దుది దిగదు కాబట్టి బలంగా తోస్తాం. చెక్క నార ఒక్కసారిగా తెగగానే ఆ బలమంతా ఉలిని ముందుకు విసిరేస్తుంది. పదును చూడాలంటే మెత్తటి చెక్క ముక్క కొస మీద అడ్డంగా ఒక పొర తీయండి. కోసిన చోటు నున్నగా మెరిస్తే సరే, నార నలిగి తెల్లగా పొడిపొడిగా ఉంటే సానబెట్టాలి. 25 డిగ్రీల వాలుతో 1000 గ్రిట్ (రాయి గరుకును చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ రాయి నున్నన) సానరాయి మీద రుద్దండి. వెనక వైపు అంచు పొడవునా సన్నటి బొడిపెలాంటి గరుకు తగిలేదాకా ఆపొద్దు. తర్వాత 6000 గ్రిట్ రాయి మీద 30 డిగ్రీల వాలుతో అయిదారు సార్లు లాగి, వెనక వైపును రాయికి పూర్తిగా ఆనించి ఆ గరుకు తీసేయాలి. గరుకు చూసేటప్పుడు బొటనవేలిని రేకు మీంచి అంచు బయటికి జరపాలి. అంచు వెంబడి జరిపితే వేలే తెగుతుంది. ఉలి బల్ల మీంచి జారిపోతుంటే పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి తీయండి. అంచు పోతే మళ్లీ సానబెట్టుకోవచ్చు.

రంపంతో దెబ్బలు దాదాపుగా మొదటి రెండు మూడు లాగుళ్లలోనే, గాటు ఇంకా పడక రంపం ఎగిరినప్పుడు. బొటనవేలిని పళ్లకు బాగా పైన, రేకు నున్నటి పక్కకు ఆనించి, బరువు వేయకుండా మూడు సార్లు వెనక్కి లాగండి. గాటు పడగానే ఆ చేతిని కనీసం 15 సెంటీమీటర్ల దూరం తీసేయండి. చిన్న మేకులు కొట్టడానికి ఒక అట్టముక్కకు మేకు గుచ్చి, అట్టను పట్టుకుంటే సుత్తి కింద వేలు ఉండదు.

ఇక కరెంటు పనిముట్లు. తిరిగే పనిముట్ల దగ్గర గ్లౌజులు వేసుకోకూడదు. బ్లేడు చర్మాన్ని కోస్తుంది, గ్లౌజు గుడ్డనైతే చుట్టుకుని చేతినంతా లోపలికి లాగుతుంది. ఉంగరాలు, గడియారం, పొడుగు చేతుల చొక్కా కూడా అంతే. గరుకు చెక్కలు మోసేటప్పుడు మాత్రం గ్లౌజులు వేసుకోండి.

డ్రిల్లుతో చిన్న ముక్కకు బెజ్జం పెడుతుంటే, బిట్టు అవతలికి దిగే క్షణంలో ముక్కను పట్టుకుని తిప్పేస్తుంది. పలక కింద చెయ్యి పెట్టడం అంతకన్నా తప్పు. ముక్కను క్లాంపుతో బిగించి కింద మరో పలక పెడితే రెండు బెడదలూ తీరతాయి, బెజ్జం అంచు కూడా పగలదు. కరెంటు చిత్రికలో పొట్టు ఇరుక్కుంటే వేలితో తీయబోవద్దు. స్విచ్ ఆపాక కూడా దాని కత్తులు కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటాయి. ప్లగ్గు తీసి, పుల్లతో తీయండి.

చేత్తో పట్టే సర్క్యులర్ సాలో (గుండ్రటి బ్లేడున్న కరెంటు రంపం) బ్లేడు పలక కిందికి 5 మిల్లీమీటర్లకు మించి దిగకుండా సర్దుకోవాలి. బ్లేడును కప్పే కింది గార్డు తనంతట తాను మూసుకుంటోందో లేదో ప్రతిసారీ చూడాలి. అడ్డమొస్తోందని దాన్ని కట్టేసేవాళ్లు ఉన్నారు, ఆ రంపాన్ని ముట్టుకోకండి.

టేబుల్ సాలో (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చే రంపం) అసలు భయం కిక్‌బ్యాక్, అంటే చెక్క ఎగిరి వెనక్కి రావడం. కోత మూసుకుపోయి చెక్క బ్లేడును నొక్కినా, చెక్క పక్కకు ఒరిగినా, పైకి లేచే వెనక పళ్లు దాన్ని పట్టి మన మీదికి విసురుతాయి. చేతి కింద ఆనుకున్న చెక్క ఒక్కసారిగా మాయమై, ముందుకు తోస్తున్న చెయ్యి బ్లేడు మీద పడుతుంది. బ్లేడు వెనక నిలబడే సన్నటి రేకు, రైవింగ్ నైఫ్, కోత మూసుకోకుండా ఆపుతుంది, దాన్ని తీయొద్దు. బ్లేడు పలక కన్నా 5 మిల్లీమీటర్లే ఎత్తుండాలి. మీరు బ్లేడుకు సూటిగా కాక కాస్త పక్కకు నిలబడాలి. ఫెన్స్‌కూ (చెక్క ఆనించి తోసే పక్క పట్టీ) బ్లేడుకూ మధ్య 15 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే తోయడానికి పుష్ స్టిక్ (తోసే కర్ర) వాడాలి, వేళ్లు కాదు. ఫెన్స్, మైటర్ గేజ్ (చెక్కను అడ్డంగా పట్టి బల్ల గాడిలో జరిపే పట్టీ) రెండూ కలిపి అడ్డకోత కోస్తే ముక్క మధ్యలో ఇరుక్కుని ఎగురుతుంది. తెగిన ముక్కను బ్లేడు పూర్తిగా ఆగాకే తీయండి.

యాంగిల్ గ్రైండర్‌కు చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించడం ఎంత అనుభవం ఉన్నా చేయకూడని పని. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి రైవింగ్ నైఫ్ లేదు, చెక్క మీద ఆనే పట్టీ లేదు. పన్ను చెక్కలో పట్టిందంటే చేతిలోంచి దూకుతుంది. చాలావాటికి స్విచ్ వదిలేసినా ఆగదు.

తెగితే ముందు ఉంగరాలు తీసేయండి, వాచాక రావు. శుభ్రమైన గుడ్డతో నొక్కి, చేతిని గుండె కన్నా ఎత్తులో పెట్టి, పది నిమిషాలు ఆపకుండా పట్టుకోవాలి. మధ్యమధ్యలో ఎత్తి చూస్తే గడ్డకడుతున్న రక్తం మళ్లీ కదులుతుంది. వేలి మొదట్లో దారం బిగించి కట్టొద్దు, పొడులేవీ అద్దొద్దు. రక్తం ఆగినా వేలు వంగకపోయినా, చాచలేకపోయినా కండరాన్ని ఎముకకు కలిపే టెండాన్ తెగి ఉండొచ్చు, కొస మొద్దుబారితే నరమే తెగి ఉండొచ్చు. వేలు తెల్లబడి చల్లబడ్డా అదే సంగతి: ఆస్పత్రికి వెళ్లాల్సిందే. లోతుగా దిగిన మేకునూ చెక్కనూ అక్కడే తీయించుకోవాలి.

వేలు తెగిపడితే ఆ ముక్కను తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీళ్లు చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో పెట్టాలి. ఐసు నేరుగా తగిలితే కణజాలం గడ్డకట్టి చచ్చిపోతుంది. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి దారిలో ఏమీ తినొద్దు, తాగొద్దు.

పేడు గుచ్చుకుంటే నీళ్లలో నానబెట్టొద్దు, చెక్క ఉబ్బి లోపలే విరుగుతుంది. సబ్బుతో కడిగి, కొసను ట్వీజర్‌తో పట్టి, దిగిన కోణంలోనే వెనక్కి లాగండి. గోరు కింద లోతుగా దిగితే డాక్టర్ పని. మురికి గాయమై, టెటనస్ టీకా వేయించుకుని అయిదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. శుభ్రమైన చిన్న గాయానికి ఆ గడువు పదేళ్లు.