మంచు దారిలో లారీ, విశాఖలో ఇల్లు: తొలి చలికాలానికి ముందు డ్రైవర్ల కుటుంబాలకు కొన్ని సూచనలు

విశాఖ నుంచి కెనడాకు ట్రక్కు డ్రైవరుగా వెళ్లేవారికి వీసా గురించీ లైసెన్సు గురించీ చెప్పేవారు చాలామంది దొరుకుతారు. గాజువాకలోనో కంచరపాలెంలోనో వెనక ఉండిపోయే భార్యకూ తల్లిదండ్రులకూ అక్కడి చలికాలం గురించి చెప్పేవారు తక్కువ. మా వారు ఇక్కడ పోర్టు ట్రైలర్ నడిపి, తర్వాత విన్నిపెగ్ వెళ్లారు. నేను కొన్నాళ్లు అక్కడా కొన్నాళ్లు ఇక్కడా ఉంటూ వచ్చాను. అందుకే ఈ సూచనలు డ్రైవర్లకంటే ముందుగా ఇంట్లోవారి కోసం రాస్తున్నాను.

మంచులో బండి నడపాలా ఆపాలా అన్నది స్టీరింగు ముందు కూర్చున్న మనిషే తేల్చుకోవాలి. అయితే ఆపగలిగే ధైర్యం ఆయనకు ఉంటుందా లేదా అన్నది చాలావరకు ఇంటి చేతిలో ఉంటుంది. ఈ సంగతి నవంబరులో మంచు పడ్డాక మాట్లాడుకునేది కాదు. దసరా నాటికే ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి.

మొదట డబ్బు

అక్కడ దూరప్రయాణాల డ్రైవర్లకు చాలా కంపెనీలు మైలుకు ఇంత అని లెక్కకట్టి ఇస్తాయి. చక్రం తిరిగితేనే జీతం. మంచు తుపానుకు రోడ్డు మూసేసి రెండు రోజులు ట్రక్ స్టాపులో ఉండిపోతే ఆ రెండు రోజులకు కొన్ని కంపెనీలు కొద్దిగా ఇస్తాయి, కొన్ని ఏమీ ఇవ్వవు. ఉద్యోగంలో చేరేముందే ఈ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి: వాతావరణం వల్ల ఆగితే రోజుకు ఎంత ఇస్తారు?

ఇక్కడ మన ఇళ్లలో పరిస్థితి వేరు. బ్యాంకు వాయిదా అయిదో తారీఖు, చీటీ పదో తారీఖు, పిల్లల ఫీజు ఇంకో తారీఖు. వెళ్లేటప్పుడు చేసిన అప్పు వడ్డీ సరేసరి. ఈ తారీఖులన్నీ ఆయనకు కంఠతా వచ్చి ఉంటాయి. రాత్రి పది గంటలకు కొండదారి మొదట్లో నిలబడి, ముందుకు వెళ్లాలా వద్దా అని ఆలోచించే మనిషి మనసులో చీటీ తారీఖు మెదిలితే, ఆ నిర్ణయంలో మనమూ భాగస్వాములమే. మనం నోరు తెరిచి ఒక్క మాట అనకపోయినా సరే.

దీనికి మేం చేసుకున్న ఏర్పాటు చెబుతాను. నెలనెలా ఇంటికి పంపే మొత్తాన్ని వేసవి సంపాదన చూసి నిర్ణయించలేదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎంత వస్తుందో అంచనా వేసి, దాన్నిబట్టే ఖర్చులు పెట్టుకున్నాం. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మిగిలినదంతా వేరే ఖాతాలో వేసి, దానికి ‘ఆగిన రోజుల డబ్బు’ అని పేరు పెట్టాం. తుపానులో బండి ఆపిన ప్రతి రోజుకూ అందులోంచి తీసుకోవడమే. మా అత్తగారికి కూడా ఈ ఖాతా సంగతి తెలుసు. ‘ఇవాళ ఆగిపోయాను’ అని ఆయన ఫోను చేస్తే ఆవిడ ‘ఆ డబ్బు ఉందిగా నాన్నా, పడుకో’ అంటారు. తొలి చలికాలం ఉన్న నెలల్లో కొత్త చీటీ కట్టవద్దు, కొత్త స్థలానికి బయానా ఇవ్వవద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఇక్కడే ఇంకో మాట. విదేశీ కార్మికుడిని నియమించుకునే ఖర్చులను ఆ కార్మికుడి నుంచే వసూలు చేయడం కెనడాలో చట్టవిరుద్ధం. ఉద్యోగం ఖాయం చేశామంటూ లక్షలు అడిగేవారి దగ్గరకు వెళితే, ఆ అప్పు కూడా ఆయన వెంటే క్యాబిన్‌లోకి ఎక్కుతుంది. అలాగే ‘నువ్వు ఉద్యోగివి కాదు, నీ పేరున కంపెనీ పెట్టుకో, దానికి చెల్లిస్తాం’ అనే చోట జాగ్రత్త. ఉద్యోగికి చట్టం ఇచ్చే రక్షణలు అక్కడ చేజారిపోతాయి.

చలి ఎంత ఉందని కాదు, రోడ్డు ఎలా ఉందని చూడాలి

మన ఊళ్లో జనవరి తెల్లవారుజామున స్వెటరు చాలు. లంబసింగిలో మంచు చూడటానికి కార్లు మాట్లాడుకుని వెళతాం. అందువల్ల ఫోనులో విన్నిపెగ్ మైనస్ 30 అని కనిపించగానే ఇంట్లో కంగారు మొదలవుతుంది, మైనస్ 1 అంటే ఊపిరి పీల్చుకుంటాం. రోడ్డు సంగతి చాలాసార్లు ఇందుకు తలకిందులుగా ఉంటుంది. సున్నా దగ్గర మంచు మీద సన్నని నీటి పొర ఉంటుంది, టైరుకు పట్టు బాగా తగ్గేది అప్పుడే. వాన చినుకులు నేలను తాకగానే గడ్డకడతాయి. తడిసిన తారు రోడ్డులాగే కనిపించే ఆ పలుచని గాజు పొరను అక్కడ బ్లాక్ ఐస్ అంటారు. వంతెనల కింద నుంచి కూడా చల్లగాలి వీస్తుంది కాబట్టి మిగతా రోడ్డు బాగున్నా వంతెన ముందే గడ్డకడుతుంది. గట్టి చలిలో ఎండిపోయిన రోడ్డు మీద పట్టు దానికంటే నయం. అయితే ఆ చలి వేరే చిక్కులు తెస్తుంది: డీజిల్ చిక్కబడుతుంది, గాలి బ్రేకుల గొట్టాల్లో తేమ గడ్డకడుతుంది, తడిసిన బ్రేకులు రాత్రికి రాత్రి డ్రమ్ముకు అతుక్కుంటాయి.

అనంతగిరి ఘాట్‌లో పొగమంచులో నడిపిన డ్రైవరుకు మలుపులూ దిగుడులూ తెలుసు. ఆ నైపుణ్యం చిన్నది కాదు. కానీ ఇక్కడి అలవాట్లు కొన్ని అక్కడ మార్చుకోవాలి. జారే రోడ్డు మీద ఇంజిన్ బ్రేకు వేస్తే ఇంజిన్ తిప్పే చక్రాలు పట్టు తప్పి, వెనక ట్రైలర్ పక్కకు తిరిగి క్యాబిన్ మీదికి మడతపడవచ్చు. వేగాన్ని దానంతటదే నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్ అసలే వద్దు. ఖాళీ ట్రైలర్ తేలికగా ఉంటుంది కదా అనుకోకూడదు, బయలు మైదానాల్లో వీచే పక్కగాలికి మొదట పడిపోయేది అదే. తొలి ఏడాది పశ్చిమాన కొండల మీదుగా వెళ్లే లోడ్లు వద్దనీ, మైదానాల్లోనే ఇవ్వమనీ, కొన్నాళ్లు అనుభవం ఉన్న డ్రైవరుతో కలిపి పంపమనీ అడగవచ్చు. అడగడం చిన్నతనం అనుకోవద్దు.

ఆ కొండలు ఎలాంటివో తెలిస్తే ఇంట్లోవారికి ఆగడం ఎందుకో అర్థమవుతుంది. బ్రిటిష్ కొలంబియాలో హోప్ నుంచి కామ్‌లూప్స్ వైపు వెళ్లే కోకిహల్లా రహదారి శిఖరం 1,244 మీటర్ల ఎత్తున ఉంది. రోజర్స్ పాస్ అనే మరో కొండదారి ఎత్తు 1,330 మీటర్లు. అక్కడ కొండచరియల మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా రోడ్డు మీదికి జారకుండా, కెనడా సైన్యం ఫిరంగులు పేల్చి ముందుగానే కూలుస్తుంది. ఆ సమయంలో రోడ్డు మూసేస్తారు, బండ్లన్నీ వరుసగా ఆగిపోవలసిందే. ఆ రాష్ట్రపు కొండదారుల్లో అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు భారీ వాహనాలు, మంచులో జారకుండా టైర్లకు తొడిగే గొలుసులు వెంట ఉంచుకోవాలి.

ఒకసారి మా వారు గొలుసులు వేసుకుంటూ ఫోనును మెట్టు మీద పెట్టి వీడియో తీశారు. తలకు కట్టుకున్న దీపం వెలుగు తప్ప ఏమీ లేదు. గొలుసును టైరు మీద పరిచారు, బండిని కాస్త ముందుకు జరిపారు, మోకాళ్ల మీద కూర్చుని లోపలి టైరు వెనక కొక్కేన్ని కళ్లతో చూడకుండా చేత్తో వెతికి తగిలించారు. గ్లవ్స్ తడిసి గట్టిపడ్డాయి. వాటిని తీసేసి రెండో జత తొడుక్కున్నారు. కొంచెం దూరం పోయాక మళ్లీ దిగి బిగించాలి. ఆ వీడియో చూశాక మా ఇంట్లో ‘ఎప్పుడు చేరతావు?’ అనే ప్రశ్న ఆగిపోయింది. గొలుసులు వేసుకునే సాధన మాత్రం కంపెనీ యార్డులో, పగటిపూట, పొడి నేల మీద రెండు మూడుసార్లు అయిపోవాలి. గ్లవ్స్ మూడు జతలైనా ఉండాలి.

కాదనే హక్కు

లారీ ఎంతసేపు నడిపారో ఎలక్ట్రానిక్ లాగ్ యంత్రం రాస్తూనే ఉంటుంది. కెనడా దక్షిణ ప్రాంతంలో రోజుకు 13 గంటలు, అమెరికాలో 11 గంటలు నడపవచ్చు. అనుకోకుండా వాతావరణం చెడితే మరో 2 గంటల వరకు వెసులుబాటు ఉంది. బయలుదేరకముందే తెలిసిన తుపానుకు అది వర్తించదు. గంటలు మిగిలాయి కాబట్టి నడపాలన్న నియమం ఎక్కడా లేదు. అమెరికా నిబంధనల్లో వాతావరణం బాగా ప్రమాదకరమైతే బండి ఆపేయాలనీ, భద్రంగా నడపగలిగేవరకు కదపకూడదనీ స్పష్టంగా ఉంది. కెనడాలో రాష్ట్రాలు దాటి సరుకు తీసుకెళ్లే కంపెనీల ఉద్యోగులకు, ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కును కేంద్ర కార్మిక చట్టం ఇచ్చింది. ఆ హక్కు వాడుకున్నందుకు యజమాని శిక్షించకూడదు.

చట్టం ఉన్నా ఒత్తిడి వస్తుంది. కంపెనీలో లోడ్లు అప్పగించే డిస్పాచరు సూటిగా ‘వెళ్లు’ అనడు. ‘మిగతావాళ్లు దాటేశారు’ అంటాడు. కొత్తగా వచ్చిన మనిషికి, వర్క్ పర్మిట్ మీద ఉన్న మనిషికి ఆ మాట గుచ్చుకుంటుంది. ఫోనులో వాదించకుండా సందేశం రాయడమే మంచిది: ఎక్కడున్నాను, రోడ్డు ఎలా ఉంది, ఎన్ని గంటలకు ఆపాను, మళ్లీ ఎప్పుడు చూస్తాను. రోడ్డు ఫొటో ఒకటి జతచేయాలి. అది బండి నిలిపాకే తీయాలి. ఒక డిసెంబరులో మా వారు ఇలా రాసి పంపాక అవతలి నుంచి ‘సరే’ అని తప్ప జవాబు రాలేదు.

మన ఫిషింగ్ హార్బరులో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజు బోట్లు కట్టేసి ఉంటాయి. వేటకు ఎందుకు వెళ్లలేదని పెద జాలరిపేటలో ఏ ఇల్లాలూ భర్తను అడగదు. ఆ ఇళ్లలో ఉన్న ఆ ఇంగితమే మన ఇళ్లలోనూ కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఫోను వేళలు

శీతాకాలంలో విన్నిపెగ్ మనకంటే పదకొండున్నర గంటలు, టొరంటో పదిన్నర గంటలు వెనక ఉంటాయి. మనకు రాత్రి 8 అయితే విన్నిపెగ్‌లో ఉదయం 8:30. మనం తీరిగ్గా మాట్లాడదామనుకునే ఆ వేళకు ఆయన రోడ్డు మీద ఉంటారు. మన ఉదయం 6 గంటలకు అక్కడ ముందురోజు సాయంత్రం 6:30. చాలాసార్లు బండి ఆపే వేళ అదే. కాబట్టి మాటలు మన పొద్దున్నే పెట్టుకోండి. మార్చిలో గడియారాలు మార్చాక ఒక గంట తేడా వస్తుంది.

బయలుదేరేటప్పుడు ఒక సందేశం, ఆపాక ఒక సందేశం చాలు. నడుపుతుండగా మనం ఫోను చేయకూడదు, చెవిలో పెట్టుకునే పరికరం ఉన్నా సరే. ఇంటి గొడవలు, బంధువుల పెళ్లి లెక్కలు కొండదారి రోజున ఎత్తవద్దు. అడగవలసింది ఒక్కటే: ‘ఈ రాత్రికి ఎక్కడ ఆగుతారు?’ సంక్రాంతి సరిగ్గా అక్కడి నడి చలికాలంలో వస్తుంది. భోగి నాటికి వీడియోలో కనిపించాలని పట్టుబట్టకండి. కనుమ వెళ్లాక చేసినా పండగే.

క్యాబిన్‌లో ఏముండాలి అంటే: చలికి తట్టుకునే నిద్ర సంచి, పార, టార్చి, నీళ్లు, రెండు మూడు రోజులకు సరిపడా తిండి. అటుకులు, వేరుశనగ ఉండలు, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా పొడి మనం పంపగలిగినవి. ట్యాంకు సగానికి తగ్గనివ్వకూడదు. ఆగినచోట పొగగొట్టం చుట్టూ మంచు పేరుకుంటే విషవాయువు లోపలికి వస్తుంది, అందుకని కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. షుగరు ఉన్నవారు ఇన్సులిన్‌ను శరీరానికి దగ్గరగా పెట్టుకోవాలి. ఒకసారి గడ్డకట్టినది కరిగినా పనికిరాదు.

మీరు కూడా పిల్లలతో అక్కడికి చేరితే, ఆయన రోడ్డు మీద ఉన్నన్నాళ్లూ కారు నడిపేదీ మంచు తవ్వేదీ మీరే. శీతాకాలపు టైర్లు, ఇంజిన్‌ను వెచ్చగా ఉంచే ప్లగ్గు మొదటి నెలలోనే చూసుకోండి. గాలితో కలిపి చలి మైనస్ 40 దాటిన రోజున కప్పుకోని చర్మం 5 నుంచి 10 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. స్కూలుకు పంపేముందు పిల్లల చెవులు, వేళ్లు చూడండి. రోడ్డు బాగోలేదనిపిస్తే ఆ రోజు పంపవద్దు. ఆయనకు వర్తించే నియమం మీకూ వర్తిస్తుంది.

సందేశం రాకపోతే

కొండల్లో చాలాదూరం సిగ్నలు ఉండదు. అందుకే అనుకున్న వేళ దాటాక ఎంతసేపు ఆగాలో ముందే ఇద్దరూ మాట్లాడుకోండి. మేం నాలుగు గంటలు అనుకున్నాం. ఆ గడువు దాటితే మొదట రోడ్డు మూశారేమో చూడాలి. బ్రిటిష్ కొలంబియాకు డ్రైవ్‌బీసీ, ఆల్బర్టా, ఒంటారియోలకు 511 సేవలు రోడ్ల స్థితి చూపిస్తాయి. రోడ్డు మూసి ఉంటే చాలావరకు జవాబు దొరికినట్టే. తెరిచే ఉంటే కంపెనీ రాత్రి డిస్పాచ్ నంబరుకు ఫోను చేసి బండి ఎక్కడుందో అడగండి. లాగ్ యంత్రం ద్వారా వారికి తెలుస్తుంది. వారూ చెప్పలేకపోతే అప్పుడు ఆ ప్రాంత పోలీసులకు. ఆ నంబర్లు, లారీ నంబరు, ట్రైలర్ నంబరు, లైసెన్సు, పాస్‌పోర్టు నకళ్లు ఇక్కడ ఇంట్లో ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడగలిగే ఒకరి దగ్గర ఉండాలి. లోడు మారిన ప్రతిసారీ ట్రైలర్ నంబరు మారుతుంది, బయలుదేరేటప్పుడు పంపే సందేశంలో అది కూడా రాయమనండి.