పాత పూల ఫొటోలు మళ్ళీ చూసేటప్పుడు

2014లో భవానీపురంలో మా మేడ మీద తీసిన రెక్క మందారం ఫొటోకి అప్పట్లో ఫ్రేమ్ కట్టించాను. మొన్న కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే రేకుల మీద ఒక్క ఈనె కూడా లేదు, అంతా ఎర్రటి ముద్ద.

మీరూ ముందు అలా పెద్దది చేసి, ఫోకస్ పుప్పొడి మీద ఉందో వెనకాల ఆకు మీద ఉందో చూడండి. తర్వాత ఫొటోలో ఎంత చీకటి, ఎంత వెలుగు ఉందో చూపే గ్రాఫ్, అంటే హిస్టోగ్రామ్‌లో ఎరుపుని విడిగా చూడండి. మందారం, తురాయి లాంటి పూలకి మొత్తం గ్రాఫ్ బాగానే కనిపించినా, ఎరుపు ఒక్కటే కుడి అంచున 255 (అన్నిటికంటే ఎక్కువ విలువ) దగ్గర గుట్టపడి ఉండొచ్చు. రేకుల మీద ఈనెలు పోయేది అందుకే. రా ఫైల్ (కెమెరా పెద్దగా మార్చకుండా దాచే అసలు ఫైల్) ఉంటే ఎక్స్‌పోజర్ తగ్గించండి, ఈనెలు తిరిగి రావచ్చు. జేపెగ్ అయితే పోయింది పోయినట్టే.

తొందరపడి డిలీట్ మాత్రం చెయ్యకండి. అదే పువ్వుని మబ్బు పట్టినప్పుడు తీసి, నల్లగా వచ్చిందని పక్కన పడేశాను. ఇప్పుడు వెలుతురు పెంచితే పుప్పొడి గింజగింజా కనిపించింది, పక్కనే ఒక చీమ కూడా. ఫ్రేములో ఇప్పుడు అదే ఉంది.