ఊకతో బహుస్థాయి రంధ్రాల సిలికా: తయారీకి ముందు జాగ్రత్తలు

సార్వా కోతలు ముగిసి గోదావరి డెల్టా మిల్లుల దగ్గర కొత్త ఊక పోగవుతున్న ఈ రోజుల్లో, దాన్ని కాల్చి చిన్నా పెద్దా రంధ్రాలు కలిసిన సిలికాను (సిలికాన్ డయాక్సైడ్) తయారుచేయబోయే విద్యార్థులు వీటిని ముందుగా చూసుకోవాలి.

ఊకను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగించి, ఆమ్లం పోయేదాకా కడిగిన తరువాతే కాల్చాలి. ఊకలోని పొటాషియం ఇలా పోకుండా మిగిలితే సిలికా తక్కువ వేడికే మెత్తబడి రంధ్రాలు మూసుకుపోతాయి, కార్బన్ లోపలే చిక్కుకుని బూడిద నల్లగా మిగులుతుంది. ఆ నష్టాన్ని తరువాత ఎంత కాల్చినా పూడ్చలేము.

మిల్లు బాయిలర్ బూడిద ఉచితంగా దొరికినా వాడవద్దు. అధిక వేడికి అందులోని సిలికా క్రిస్టోబలైట్ అనే స్ఫటిక రూపంగా మారి ఉండవచ్చు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

ఫర్నేసులో ఊకను పలుచగా పరచి, గాలి ఆడనిస్తూ, 600 డిగ్రీల సెల్సియస్ వరకు నెమ్మదిగా వేడిచేయాలి. తొందరపడితే ఊక భగ్గున మండి లోపలి వేడి అదుపు తప్పుతుంది.

తయారైన పొడిని డెసికేటర్‌లోనే (తేమ చేరనివ్వని మూత పాత్రలోనే) ఉంచాలి, ఎందుకంటే మన తేమగాలిని అది వెంటనే పీల్చుకుని తూకాన్ని తప్పిస్తుంది.

రంధ్రాలను కొలవడానికి నైట్రోజన్ అధిశోషణ పరీక్ష (పొడి ఉపరితలానికి ఎంత నైట్రోజన్ అంటుకుంటుందో చూసేది) ఒక్కటే చాలదు. 2 నుంచి 50 నానోమీటర్ల రంధ్రాలను అది బాగా చూపుతుంది కాని, ఊక కణజాలం వదిలిన పెద్ద రంధ్రాలకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలో, పాదరసాన్ని ఒత్తిడితో రంధ్రాల్లోకి నెట్టి కొలిచే పాదరస పోరోసిమెట్రీయో కావాలి గనుక ఆ సమయాన్ని ముందే కేటాయించుకోవాలి.