ప్రూఫు చూసేటప్పుడు జ్ఞాపకాన్ని పక్కన పెట్టడం ఎలా

మా ప్రెస్సులో పెళ్లి శుభలేఖల పనే ఎక్కువ. ఓసారి ఒక కార్డు ప్రూఫు మూడుసార్లు చూసి ఓకే చేశాను. అయిదొందలూ అచ్చయ్యాక పెళ్లికూతురి మేనత్తగారు ఫోన్ చేశారు. "బాబూ, సుముహూర్తంలో దీర్ఘం ఎక్కడ పడిందో చూడు." చూస్తే 'సుమూహుర్తం'. మూడుసార్లూ నాకు కనబడింది మాత్రం సుముహూర్తమే!

తప్పు కళ్లజోడుది కాదు. చెయ్యి బారుగా చాచి బొటనవేలు ఎత్తి పట్టుకోండి. కంటికి ఒక్కసారిగా బాగా స్పష్టంగా ఆనేది ఆ వేలి వెడల్పు మేరే. మిగతాదంతా మసక. ఆ మసకని చాలావరకు పూరించేది ఇదివరకు చూసిన చూపులే. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే అధ్యాస అంటే 'స్మృతిరూపః పరత్ర పూర్వదృష్టావభాసః' అన్నారు. ఎప్పుడో చూసింది జ్ఞాపకంలా వచ్చి, ఎదురుగా ఉన్న ఇంకోదాని మీద కనబడటం. తాడులో పాములాగే మూహుర్తంలో ముహూర్తం. ఆయన బాధ ఆత్మ గురించి, నాది దీర్ఘం గురించి.

కాబట్టి కంపోజ్ చేసినవాళ్లే ప్రూఫు చూడొద్దు. వేరే మనిషి లేకపోతే ఒక రాత్రి ఆగి, ఫాంటు మార్చి, సైజు పెంచి ప్రింటు తీసుకోండి. పాత పేజీ కొంచెం పరాయిదవుతుంది.

అసలు పని తిరగేసి చదవడం. అట్టముక్కకి ఒక్క మాట పట్టేంత కిటికీ కోసి, చివరి మాట నుంచి మొదటికి జరుపుకుంటూ రండి. అనుమానం వచ్చిన మాటని ఒకటో తరగతి పిల్లాడిలా పైకి అనండి. స కొమ్మిస్తే సు, మ కొమ్మిస్తే ము, హ కొమ్ముదీర్ఘమిస్తే హూ, ర కింద త ఒత్తు, పక్కన సున్న. పక్కవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. నైయాయికులు, అంటే న్యాయదర్శనం పండితులు, ప్రత్యక్షం (కంటికీ చెవికీ నేరుగా తెలిసేది) రెండు రకాలన్నారు. పేరు తగలకముందు ఉండేది నిర్వికల్పకం, 'ఇది ఫలానా' అని గుర్తుపట్టేది సవికల్పకం. మొదటిదాంట్లో ఎవరూ కూర్చోలేరనుకోండి. కానీ కిటికీ పెడితే మాట మాటగా మారకముందు అక్షరాల వంకర ఓ క్షణం కనబడుతుంది. 'వధువు'లో ధ పొట్టలో అనవసరంగా చుక్క పడి 'వథువు' అయిందా అన్నది ఆ క్షణంలోనే దొరకాలి.

కొత్తవాళ్లు ఇంటిపేర్ల దగ్గర టెన్షన్ పడతారు. నాకవి పెద్ద ఇబ్బంది పెట్టలేదు. ఎప్పుడూ వినని ఇంటిపేరుని రాతప్రతితో అక్షరం అక్షరం పోల్చక తప్పదు కదా. దగా చేసేవి 'ఆహ్వానం', 'బంధుమిత్రుల', 'ఆశీర్వదించ'. వందలసార్లు చూసిన మాటలు. వాటి దగ్గరే ఆగండి.

నా కిటికీ అట్ట ఆ అయిదొందల కార్డుల్లోదే. కిటికీ పైన 'సుమూహుర్తం' అలాగే ఉంది. మొన్న మా బావమరిది దాన్ని చేతిలోకి తీసుకుని, చదివి, "ఎవరి పెళ్లి బావా? ముహూర్తం రాత్రికేనా?" అన్నాడు.