విదేశీ ప్రయాణానికి ఆరోగ్య బీమా – 3వ పాఠం: ముందు మందుల డబ్బా తెరవండి

ముందుగా పోయిన పాఠాల లెక్క సరిచూసుకుందాం. మార్చి 5న బయల్దేరి మార్చి 22న తిరిగి వస్తే పాలసీ ఎన్ని రోజులకు తీసుకోవాలి అని మొదటి పాఠంలో అడిగాను. జవాబు 18. మీకు 17 వచ్చిందంటే వెళ్లే రోజునో వచ్చే రోజునో వదిలేశారన్నమాట. విమానం అర్ధరాత్రి దాటాక దిగేదైతే తేదీ మారిపోతుంది, అదీ చూసుకోవాలి. నన్నడిగితే 20 రోజులకు తీసుకోండి. విమానం ఒకరోజు ఆలస్యమైనా గుండె దడ ఉండదు, ఆ రెండు రోజులకు పెరిగే ప్రీమియం కూడా పెద్దగా ఉండదు.

రెండో పాఠంలో ఏ దేశానికి ఎంత మొత్తం అన్నది చూశాం. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల కవరు (కంపెనీ భరించే గరిష్ఠ మొత్తం) ఉండాలి, అది షెంజెన్ దేశాలన్నింటిలోనూ చెల్లాలి, అక్కడ ఉండే రోజులన్నింటికీ ఉండాలి. సింగపూర్, థాయిలాండ్ వంటి చోట్లకు వెళ్లేవాళ్లు ‘అమెరికా, కెనడా మినహా’ అన్న రకం తీసుకుంటే ప్రీమియం తగ్గుతుంది. ఇంతవరకు నోటుబుక్కులో రాసుకుని ఉంటే ఇవాళ్టి పాఠంలోకి రావచ్చు.

ఈ పాఠానికి మూడు వస్తువులు ముందు పెట్టుకోండి: పాస్‌పోర్టు, ప్రయాణం చేసే మనిషి రోజూ వాడే మందుల డబ్బా, ఆఖరిసారి డాక్టరు రాసిన చీటీ. ఏ కంపెనీలో ఎంత ధర అన్న పట్టిక ఇప్పుడే తెరవకండి. ఒడిశాలో ఉన్న మన బరంపురంలో బీమా మాట ఎత్తగానే అందరం ముందు అడిగేది ‘ఎంతవుతుంది’ అని. ఆ ప్రశ్న చివరన అడగాలని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఎందుకో చెబుతాను.

మా మేనత్త బరంపురంలోనే, గోసాణినువాగాంలో ఉంటుంది. వయసు 66. కూతురు సింగపూర్‌లో ఉంది, మనవరాలి అన్నప్రాశనకని విశాఖ వెళ్లి అక్కడి నుంచి విమానం ఎక్కాలి. పాలసీ తీసుకునే పని నాకు అప్పజెప్పింది. ఫారంలో ‘ఇప్పటికే ఉన్న జబ్బులు’ అన్న గడి దగ్గర ఆగి అడిగాను.

‘అత్తా, షుగర్ ఉందా?’

‘నాకెక్కడిది నాన్నా షుగర్! రోజూ మాత్ర వేసుకుంటాను కదా, కంట్రోల్‌లోనే ఉంది.’

ఈ ఒక్క వాక్యం దగ్గరే మన ఇళ్లలో సగం పాలసీలు పాడవుతాయి. అత్త అబద్ధం చెప్పలేదు. ఆవిడ లెక్కలో షుగర్ ఉండడమంటే మంచాన పడడం. కంపెనీ అడిగేది అది కాదు. డాక్టరు ఎప్పుడైనా జబ్బు అని చెప్పారా, దానికి మందు వాడుతున్నారా అన్నదే ప్రశ్న. కంట్రోల్‌లో ఉన్నా, పదేళ్లుగా ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టకపోయినా, మాత్ర వేసుకుంటున్నారంటే జవాబు ‘ఉంది’ అనే.

అందుకే మనిషిని అడగడం మానేసి డబ్బా తెమ్మన్నాను. పాత బిస్కెట్ల రేకు డబ్బా. అందులో ఆరు స్ట్రిప్పులు. ఒక్కొక్కటి తిప్పి, వెనక వెండి రేకు మీద సన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదివాం. కంపెనీ పెట్టిన పేరు వేరే ఉంటుంది, మనకు కావలసింది దానితో పాటు ఉండే అసలు మందు పేరు. మెట్‌ఫార్మిన్ అంటే షుగర్‌కి. ఆమ్లోడిపిన్ అంటే బీపీకి. థైరాక్సిన్ అంటే థైరాయిడ్‌కి. మిగతావి కాల్షియం, గ్యాస్ మాత్ర, అప్పుడప్పుడు వేసుకునే నొప్పి మాత్ర. ఐదు నిమిషాల్లో ‘ఏ జబ్బూ లేదు’ అన్న మనిషికి మూడు జబ్బులు కాగితం మీదకొచ్చాయి. స్ట్రిప్పు కత్తిరించి పేరు చిరిగిపోయి ఉంటే మందుల షాపులో అడిగితే చెబుతారు. మీరూ ఇలాగే చేయండి. మందు పేరు, దేనికి, ఎన్నేళ్లుగా అని మూడు వరసల్లో రాయండి.

ఇప్పుడు మా పెద్దనాన్న సంగతి. ఆయనది పర్లాకిమిడి. కొన్నేళ్ల క్రితం కొడుకు దగ్గరికి విదేశం వెళ్లేముందు ఒక ఏజెంటు ఇంటికొచ్చి పాలసీ చేశాడు. ఫారం ఇంగ్లీషులో, ఏజెంటు మాట ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో. ‘జబ్బులేమైనా ఉన్నాయా’ అంటే పెద్దనాన్న ‘ఏమీ లేవయ్యా’ అన్నాడు, ఏజెంటు ‘లేవు’ అన్న గడిలో టిక్ పెట్టాడు. ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అడిగితే చదివి వినిపించాడు. అక్కడికి వెళ్లిన రెండో వారం ఛాతీలో నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న ‘బీపీ ఎన్నేళ్లుగా ఉంది’ అని. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా నిజమే చెబుతారు, చెప్పాలి కూడా. ‘12 ఏళ్లు’ అన్నాడు. అది కేసు షీటులో ఎక్కింది. ఆ షీటు, ఇక్కడి ఫారం పక్కపక్కన పెట్టి చూసి కంపెనీ క్లెయిము తిరగ్గొట్టింది. మా అన్నయ్య ఆ బిల్లు రెండేళ్లపాటు వాయిదాల్లో కట్టాడు. పెద్దనాన్నకి నొప్పి తగ్గింది గానీ, కొడుకుని అప్పుల పాలు చేశానన్న బాధ మాత్రం పోలేదు. ఈ పాఠాలు రాయాలని నాకు అనిపించింది ఆయన ముఖం చూసే.

ఆ ఓటీపీ గురించి ఒక్క మాట. ఫారం నింపింది ఎవరైనా సరే, ఓటీపీ చెప్పారంటే కింద సంతకం మీరు పెట్టినట్టే. అందుకని ఏజెంటు ఎంత తెలిసినవాడైనా, మన వీధివాడైనా, నింపిన ఫారం ముందు మీ ఫోన్‌కి పంపమనండి. జబ్బుల గడి మీ కళ్లతో చూశాకే నంబరు చెప్పండి. మొహమాటపడాల్సిన పని లేదు.

జబ్బు ఉందని నిజం రాస్తే పాలసీ ఇవ్వరేమో, ధర పెంచేస్తారేమో అన్నది అందరి భయం. కొన్నిసార్లు పెంచుతారు, కొన్నిచోట్ల కాదంటారు కూడా. కానీ నిజం రాశాక వచ్చిన పాలసీయే అవసరానికి అక్కరకొస్తుంది. ఇప్పటికే ఉన్న జబ్బుల విషయంలో పాలసీలన్నీ ఒకేలా ఉండవు. నేను చూసినవి మూడు రకాలు. కొన్ని ఉన్న జబ్బు వల్ల వచ్చే ఖర్చు అసలు ఇవ్వవు. అంటే అత్తకు షుగర్ పడిపోయి ఆసుపత్రిలో చేరితే రూపాయి రాదు, మెట్ల మీద జారి చెయ్యి విరిగితే వస్తుంది. ఇంకొన్ని ప్రాణాపాయం వచ్చినప్పుడు మాత్రం, ఆ గండం గడిచేవరకు, ఒక పరిమితి లోపల ఇస్తాయి. పాలసీ మొత్తం 50,000 డాలర్లని పైన ఉంటుంది, ఉన్న జబ్బుకి మాత్రం అందులో చిన్న వాటా అని లోపల ఎక్కడో ఉంటుంది. మూడో రకం, అదనపు ప్రీమియం కడితే ఉన్న జబ్బుని కూడా కవరులోకి తెచ్చేవి. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు నేను రెండో రకానికి తగ్గనివ్వను, వీలైతే మూడోది. మొదటి రకం పాలసీ ఎంత చవకగా వచ్చినా పెద్దవాళ్లకు వద్దు.

ఈ రకం ఏదో తెలియాలంటే రంగురంగుల ప్రకటన కాగితం చాలదు. ‘పాలసీ వర్డింగ్’ (షరతులన్నీ ఉండే కాగితం) అన్న పీడీఎఫ్ ఉంటుంది, కంపెనీ వెబ్‌సైటులో దొరుకుతుంది. నలభై యాభై పేజీలు చూసి టెన్షన్ పడకండి, అంతా చదవక్కర్లేదు. ఫోన్‌లో వెతికే గడిలో ‘ప్రీ-ఎగ్జిస్టింగ్’ (pre-existing, అంటే ఇప్పటికే ఉన్న) అన్న మాట ఇంగ్లీషులో టైపు చేయండి. ఆ మాట వచ్చిన ప్రతిచోటా ఆగి ఆ పేరా మొత్తం చదవండి. అర్థం కాకపోతే ఇంట్లో ఇంగ్లీషు చదువుకున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక గంట పని.

తర్వాత వెతకాల్సిన మాట ‘సబ్-లిమిట్’. అంటే పెద్ద మొత్తం లోపల ఒక్కో ఖర్చుకి ఇంతకు మించి ఇవ్వమని విడిగా గీసిన గిరి. 60 ఏళ్లు దాటినవాళ్ల పాలసీల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఇది లెక్క వేసి చూస్తేనే తలకెక్కుతుంది, కాబట్టి పెన్ను తీయండి. అంకెలు నేను ఉదాహరణకి అనుకున్నవే.

ఆసుపత్రిలో మూడు రోజులు. గది రోజుకి 2,500 డాలర్ల చొప్పున 7,500. డాక్టరు నాలుగుసార్లు చూసినందుకు 600. పరీక్షలకు 1,400. మొత్తం 9,500.

మొదటి పాలసీ 50,000 డాలర్లది. కానీ లోపల గదికి రోజుకి 1,000, డాక్టరుకి ఒక్కోసారికి 75, పరీక్షలన్నింటికీ కలిపి 500 అని గిరి ఉంది. అప్పుడు గదికి 3,000, డాక్టరుకి 300, పరీక్షలకు 500 వస్తాయి. కలిపితే 3,800. అందులో ‘డిడక్టిబుల్’ 100 డాలర్లు మనమే పెట్టుకోవాలి (మొదట మన చేతి నుంచి పోయే వాటాని అలా అంటారు). చేతికొచ్చేది 3,700. మిగతా 5,800 డాలర్లు మన నెత్తిన పడతాయి. డాలరు 85 రూపాయలని లెక్క వేసినా 4,93,000 రూపాయలు.

రెండో పాలసీ కూడా 50,000 డాలర్లదే, గిరి లేదు, డిడక్టిబుల్ అంతే. 9,400 వస్తుంది. మన వాటా 100.

రెండింటి మీదా పైన కనిపించే అంకె ఒక్కటే అని గమనించారా? మనం షాపులో పట్టుచీర కొనేటప్పుడు కొంగు ఒక్కటే చూసి ఊరుకోం, మడతలన్నీ విప్పించి లోపల నేత చూస్తాం. పట్టుచీరలకు పేరున్న బరంపురం వాళ్లకి నేను ఈ విషయం నేర్పక్కర్లేదు. పాలసీనీ అలాగే విప్పించండి. గిరి ఉన్న లక్ష డాలర్ల పాలసీ కంటే గిరి లేని 50,000 డాలర్ల పాలసీయే మేలైన సందర్భాలు ఉంటాయి.

కవరు కానివి ప్రతి పాలసీలో కొన్ని ఉంటాయి. వైద్యం చేయించుకోవడానికే వెళ్లడం, డాక్టరు వద్దన్నా వెళ్లడం, మద్యం మత్తులో జరిగిన ప్రమాదం, పంటికి నొప్పి తగ్గించడం మించిన పని, చాలావాటిలో గర్భం, కాన్పు. ఓసారి చదువుకుంటే సరిపోతుంది. ‘ఆయుష్మాన్ కార్డు ఉంది కదా’ అని మాత్రం ధీమాగా ఉండకండి. అది మన దేశంలో, జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది. ఇక్కడి మామూలు మెడిక్లెయిములు కూడా చాలావరకు దేశం దాటితే పనిచేయవు.

మన ఒడిశా తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఉండే చిక్కు ఇంకొకటుంది: పేరు. ఇంట్లో మనం ఇంటిపేరు ముందు చెబుతాం. బళ్లో ఒడియా మాస్టారు దాన్ని చివర రాశారు. ఆధార్‌లో ఒడియా ఉచ్చారణ పట్టుకుని ఒక అక్షరం మార్చారు. బ్యాంకులో ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరమే మిగిలింది. పాలసీ ఫారం నింపేటప్పుడు ఇవన్నీ పక్కనపెట్టి పాస్‌పోర్టు ఒక్కటే ముందుంచుకోండి. అందులో ‘సర్‌నేమ్’ గడిలో ఏముందో అది, ‘గివెన్ నేమ్’ గడిలో ఏముందో అది, అక్షరం పొల్లు పోకుండా. కొన్ని పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా, పేరంతా ఒక్కచోటే ఉంటుంది. అలా ఉంటే కంపెనీకి ఫోన్ చేసి ఎలా రాయాలో అడిగి రాయండి. అత్త ఫారంలో నేను మొదట ఆధార్ చూసి రాశాను, పుట్టిన సంవత్సరం కూడా ఒకటి తేడా వచ్చింది. పాస్‌పోర్టుతో సరిచూసినప్పుడు దొరికింది. అందుకే నింపాక ఒక్కసారి బిగ్గరగా చదివించుకోమంటాను. ఒకరు పాస్‌పోర్టు చదవాలి, ఇంకొకరు ఫారం మీద వేలు పెట్టి చూడాలి.

డాక్టరు చీటీ ఎందుకు తెమ్మన్నానో చెప్పలేదు కదూ. బరంపురం ప్రభుత్వ ఆసుపత్రి ఎంకేసీజీలో చూపించుకున్నా, ప్రైవేటులో చూపించుకున్నా, బయల్దేరే ముందు ఒక్కసారి వెళ్లి, ఉన్న జబ్బులు, వాడే మందుల అసలు పేర్లు, మోతాదు, ‘ప్రయాణం చేయవచ్చు’ అన్న మాట ఇంగ్లీషులో విడి అక్షరాల్లో రాయించుకోండి. గొలుసుకట్టు రాత అక్కడి డాక్టరుకి అర్థం కాదు. విమానాశ్రయంలో మందులు ఆపి అడిగితే చూపించడానికీ, అక్కడ జబ్బు చేస్తే డాక్టరుకి ఇవ్వడానికీ, రేపు క్లెయిములో మీరేదీ దాచలేదని చూపడానికీ ఆ ఒక్క కాగితమే ఆధారం. ఒక కాపీ ఇంట్లో ఉంచండి, ఒకటి పిల్లల ఫోన్‌కి పంపండి.

వచ్చే పాఠానికి చేయాల్సిన అభ్యాసం: మందుల డబ్బా తెరిచి మూడు వరసల పట్టిక రాయండి. రెండు కంపెనీల పాలసీ వర్డింగ్ తెచ్చుకుని, ప్రీ-ఎగ్జిస్టింగ్, సబ్-లిమిట్, డిడక్టిబుల్ అన్న మూడు మాటల దగ్గర ఏముందో మీ మాటల్లో తెలుగులో రాసుకోండి. తర్వాత పైన చెప్పిన 9,500 డాలర్ల బిల్లుని ఆ రెండింటి మీదా వేసి, మీ వాటా ఎంతో తేల్చండి. ధరల పట్టిక ఆ తర్వాతే తెరవండి.

4వ పాఠంలో ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడ్డాక ఏం చేయాలో చూద్దాం: ఏ నంబరుకి ముందు ఫోన్ చేయాలి, నగదు కట్టకుండా చేర్చుకోవడం ఎలా జరుగుతుంది, ఏ కాగితాలు పారేయకూడదు. న్యాయమైన క్లెయిము తిరగ్గొడితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడం, అక్కడ తేలకపోతే భువనేశ్వర్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి పైసా ఖర్చు లేకుండా ఎలా వెళ్లాలో కూడా అందులోనే చెబుతాను. మా అన్నయ్యకి అప్పట్లో ఆ ఆఫీసు ఉన్న సంగతే తెలియదు.

అత్త పట్టిక మాత్రం ఆవిడ చేతే రాయించాను. ఒక పాత లెక్కల నోటుబుక్కులో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, మొదటి వరస ఇలా ఉంది: ‘మెట్‌ఫార్మిన్ – షుగర్ – 9 ఏళ్లు.’