ఇంగ్లండ్ సంత పట్టణంలో పాత కట్టడాలను, కంటికి ఆనని వివరాలను ఫోటో తీయడం ఎలా?

ఇంగ్లండ్ సంత పట్టణాల ఫోటోలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వేలాడే పూలబుట్ట, ఎర్ర టెలిఫోను డబ్బా, పబ్బు బోర్డు. ఊరి పేరు తీసేస్తే అది ఎక్కడిదో తీసినవాళ్లే చెప్పలేరు. ఆ ఊరికే చెందిన ఫోటో కావాలంటే అందంగా ఉందా అని చూసేముందు ఇది ఇక్కడ ఎందుకు ఉంది అని అడగాలి. ఈ రాయి ఎక్కడిది? ఈ కిటికీని ఎందుకు మూసేశారు? గుమ్మం పక్కన ఈ ఇనుప ముక్క ఏం పని చేసేది? ఆ జవాబు ఫ్రేములో కనిపించేలా ఎలా తీయాలో చూద్దాం.

ఉదాహరణకు లింకన్‌షైర్‌లోని స్టామ్‌ఫర్డ్‌ను తీసుకుంటున్నాను. ఈ చిన్న ఊళ్లో చట్టరక్షణ ఉన్న పాత కట్టడాలు 600కు పైనే. 1967లో ఇంగ్లండ్‌లో మొట్టమొదటి పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించింది దీన్నే. లండన్ నుంచి ఉత్తరానికి పోయే గ్రేట్ నార్త్ రోడ్డు మీద గుర్రపు కోచ్‌ల మజిలీగా 18వ శతాబ్దంలో ఈ ఊరు బాగా సంపాదించింది. ఆ కాలంలోనే చాలా ఇళ్లు కొత్త ముఖాలు తొడుక్కున్నాయి. తర్వాత ప్రధాన రైలు మార్గం పీటర్‌బరో మీదుగా వెళ్లిపోయింది. స్టామ్‌ఫర్డ్‌కు 1848లో వచ్చింది పక్కదారి రైలే. ఫ్యాక్టరీల వెల్లువ రాలేదు, పాత ఇళ్లను పడగొట్టాల్సిన అవసరమూ రాలేదు. అప్పటి వ్యాపారులకు తగిలిన దెబ్బ ఇప్పుడు మన కెమెరాలకు కలిసివచ్చింది.

బర్మింగ్‌హామ్ నుంచి లెస్టర్, పీటర్‌బరో, కేంబ్రిడ్జ్ మీదుగా స్టాన్‌స్టెడ్ విమానాశ్రయానికి పోయే రైలు ఇక్కడ ఆగుతుంది. ఆ ఊళ్లలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. పొద్దున్నే బయల్దేరితే ఒక్క రోజులో చూసి రావచ్చు.

1. రోజునూ వేళనూ ఎంచుకోండి

స్టామ్‌ఫర్డ్ దాదాపు 52.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 14 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. ఇరుకు వీధులు రోజంతా నీడలోనే ఉంటాయి, నాలుగు కాకముందే పొద్దు కుంకుతుంది. అయితే ఎండ పడిన చోట మాత్రం అది రోజంతా ఏటవాలుగానే పడుతుంది, రాతి మీది ప్రతి గాటూ తేలి కనిపిస్తుంది. జూన్‌లో మధ్యాహ్నపు ఎండ 60 డిగ్రీల ఎత్తు నుంచి దిగుతుంది. చూరు నీడలు కిటికీలను మింగేస్తాయి. వేసవిలో వెళ్తే ఉదయం తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం ఆరు దాటాక తీయండి. ఉత్తరం వైపు తిరిగిన ఇళ్ల ముఖాల మీద ఎండ పడేది ఆ నెలల్లో, ఆ వేళల్లోనే.

మబ్బు పట్టిందని ప్రయాణం మానుకోవద్దు. లోతైన గుమ్మాలు, గాజు తలుపులు, చర్చి ఆవరణలు మబ్బులోనే బాగా వస్తాయి.

సంత శుక్రవారం. దుకాణాల సందడి కావాలంటే ఆ రోజే వెళ్లండి, కానీ గుడారాలు ఇళ్ల కింది భాగాన్ని కప్పేస్తాయి. కట్టడాలే కావాలంటే ఆదివారం ఉదయం మేలు. ఏ రోజు వెళ్లినా రోడ్డు పక్క ఆపిన కార్లు తప్పవు. వాటితో పోట్లాడే బదులు మొదటి అంతస్తు నుంచి పైకి ఫ్రేము కట్టుకోండి, లేదా సందుల్లోకి తిరగండి.

2. సామాను తగ్గించుకోండి

ఫోను చాలు. కెమెరా ఉంటే 35 నుంచి 85 మిల్లీమీటర్ల మధ్య లెన్స్ ఒకటి. ఫోన్లలోని అతి వెడల్పు లెన్స్ మాత్రం వాడకండి. ఇరుకు వీధిలో అది ఉపకారిలా కనిపిస్తుంది గానీ, ఇళ్లను అంచుల దగ్గర సాగదీసి పాడుచేస్తుంది. తెర మీద గ్రిడ్ గీతలు పెట్టుకోండి. ట్రైపాడ్ ఇంట్లో వదిలేయండి, అక్కడి కాలిబాటల మీద పిల్లల బండ్లకే చోటు చాలదు.

3. ముందు ఊరంతా ఒక్క చూపులో

రైలు దిగగానే తల పైకెత్తండి. 1848లో ట్యూడర్ శైలిలో కట్టిన స్టేషను అది. దాని బురుజు మీది గాలిమర సూచికలో ఎస్, పి, ఆర్ అక్షరాలు కనిపిస్తాయి. సిస్టన్–పీటర్‌బరో రైల్వే అని అర్థం. ఆ కంపెనీ ఎప్పుడో పోయింది, అక్షరాలు ఇంకా గాలికి తిరుగుతున్నాయి. మీ మొదటి వివరం ఇదే కావచ్చు.

అక్కడి నుంచి వెలాండ్ నది పక్కనున్న పచ్చిక మైదానానికి నడవండి. పాత ఊరు నదికి ఉత్తరాన వాలు మీద ఉంది. మైదానంలో నిలబడి ఊరి వైపు చూస్తే ఎండ మీ వీపు వెనక నుంచి వస్తుంది, చర్చి శిఖరాలు పగలు చాలాసేపు వెలుగులో ఉంటాయి. ఊరి ముఖచిత్రం ఇక్కడే తీయాలి.

రెండో చోటు సెయింట్ మార్టిన్స్ వీధి, జార్జ్ హోటల్ ఎదురుగా. రోడ్డు వంతెన దాకా దిగి, అవతల సెయింట్ మేరీ చర్చి వైపు ఎక్కుతుంది. 85 మిల్లీమీటర్లు, లేదా ఫోనులోని రెండు మూడు రెట్ల జూమ్ లెన్స్ వాడితే ఇళ్లు ఒకదాని వెనక ఒకటి మెట్లుగా దగ్గరకు వస్తాయి. హోటల్ ముందు రోడ్డుకు అడ్డంగా ఉరికొయ్య ఆకారంలో ఉన్న బోర్డును వచ్చినవాళ్లందరూ తీస్తారు. మీరూ తీసుకోండి, తప్పేమీ లేదు. కానీ లోపల ‘లండన్’, ‘యార్క్’ అని రాసిన రెండు తలుపులున్నాయి. ఏ దిక్కు కోచ్ ఎక్కే ప్రయాణికులు ఆ దిక్కు గదిలో కూర్చునేవారు. ఆ ఊరు ఎందుకు బతికిందో చెప్పడానికి ఆ రెండు తలుపులు చాలు. ఒక మాట అడిగి తీయండి.

4. గోడలు వాలిపోకుండా చూసుకోండి

కెమెరాను పైకి వంచితే గోడలు వెనక్కి వాలినట్టు పడతాయి. ఫోనును నిట్టనిలువుగా పట్టుకోండి. గ్రిడ్ గీతకు ఇంటి మూలను ఆనించి చూసుకోండి. అలా పడితే కింద బోలెడు రోడ్డు వస్తుంది, తర్వాత కత్తిరించుకోవచ్చు. ఎదురు కాలిబాట దాకా వెనక్కి జరగండి. ఊరు వాలు మీద ఉండటం ఇక్కడ పనికొస్తుంది. బార్న్ హిల్, సెయింట్ మేరీస్ హిల్ లాంటి చోట్ల ఎగువకు వెళ్లి నిలబడితే దిగువ ఇంటి మొదటి అంతస్తు దాదాపు మీ కంటి ఎత్తుకు వస్తుంది. మిగిలిన కాస్త వాలును ఎడిటింగ్‌లో సరిచేయవచ్చు. అది అంచులను తినేస్తుంది కాబట్టి నాలుగు వైపులా చోటు వదిలి తీయండి. నిజంగానే ఒరిగిన పాత ఇళ్లూ ఉంటాయి, వాటిని బలవంతంగా నిలబెట్టకండి.

5. ప్రతి వివరానికీ మూడు ఫోటోలు

వీధితో సహా ఇల్లు ఒకటి, ఇంటి ముఖం ఒకటి, వివరం ఒకటి. దగ్గరగా తీసినది ఒక్కటే ఉంటే అది ఏ గోడదో ఎవరికీ తెలియదు. దూరం నుంచి తీసినది ఒక్కటే ఉంటే అసలు సంగతి కనిపించదు.

6. ఎక్కడ వెతకాలి?

పైకప్పుతో మొదలుపెట్టండి. స్టామ్‌ఫర్డ్ పాత కప్పులు కొన్నింటికి వేసినవి పక్కనున్న కాలీవెస్టన్ గ్రామపు రాతి పలకలు. నిజానికి అది పలకరాయి కాదు, సున్నపురాయే. చలికాలంలో భూమి నుంచి తీసి, తడి ఆరనివ్వకుండా ఆరుబయట వదిలేసేవారు. మంచుకు లోపలి నీరు గడ్డకట్టి రాయి పొరలుగా విడిపోయేది. ఆ పొరలను చెక్కి కప్పు వేసేవారు. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి. ఎదురు వైపు నుంచి జూమ్ చేసి, ఎండ పక్క నుంచి పడే వేళ తీయండి. చూరూ కప్పు కొప్పూ రెండూ ఫ్రేములో ఉండాలి, లేకపోతే ఆ సైజుల తేడా తెలియదు.

తర్వాత గోడలు. ఇక్కడి రాయి చుట్టుపక్కల గనులదే. కెట్టన్ రాయి మీగడ రంగులో, సన్నని రేణువులతో నున్నగా ఉంటుంది. బార్నాక్ రాయి గరుకు, నిండా గవ్వల ముక్కలు. పీటర్‌బరో, ఈలీ కెథడ్రల్‌లను కట్టింది బార్నాక్ రాయితోనే. పాత చర్చి గోడకు అరచెయ్యి దూరం దాకా వెళ్లి, పక్క ఎండలో తీయండి. సముద్రపు జీవుల గుల్లలు గోడలోంచి బయటికి పొడుచుకుని ఉంటాయి.

నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం ఇళ్ల మూలలు. వీధి వైపు నున్నగా చెక్కిన రాళ్లు, సన్నని అతుకులు, పొందికగా కిటికీలు. సందులోకి రెండడుగులు వేస్తే అదే ఇంటి పక్క గోడ చెక్కని రాళ్లతో, ఎత్తుపల్లాలుగా ఉంటుంది. కొన్నిచోట్ల ముందు రాతి ముఖం, వెనక అంతకన్నా పాత కలప చట్రం. డబ్బు పెట్టింది నలుగురూ చూసే వైపే. రెండు గోడలూ కనిపించేలా సరిగ్గా మూలకు ఎదురుగా నిలబడి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఉన్నప్పుడు తీయండి. వెలుగు తేడా ఎక్కువైతే ఎండ గోడను బట్టి ఎక్స్‌పోజర్ పెట్టి, నీడను తర్వాత కొంచెం లేపుకోండి.

కిటికీల దగ్గర ఒక జాగ్రత్త. రాళ్లతో పూడ్చిన కిటికీ కనబడగానే కిటికీ పన్ను కథ చెప్పేస్తారు. 1696 నుంచి 1851 దాకా ఆ పన్ను ఉన్న మాట నిజమే. కానీ రెండు వైపులా సమానంగా కనిపించడం కోసం మొదటి నుంచీ ఉత్తుత్తి కిటికీలుగా కట్టినవీ బోలెడు. ఫోటో కింద ‘పన్ను ఎగ్గొట్టడానికి’ అని రాసేముందు ఇంటి ముఖమంతా చూడండి. వరసలో సరిగ్గా కుదిరి ఉంటే అది అలంకారమే కావచ్చు. పాత గాజును పట్టుకోవడం తేలిక. ఏటవాలుగా నిలబడి అద్దంలో పడిన ఎదురింటి ప్రతిబింబం మీద ఫోకస్ పెట్టండి. కొత్త అద్దంలో గీతలు నేరుగా ఉంటాయి, పాతదానిలో అలలు అలలుగా వంకరపోతాయి.

మొదటి అంతస్తు కిటికీల కింద లోహపు బిళ్ల ఏదైనా కనిపిస్తే అది అగ్నిప్రమాద బీమా గుర్తు కావచ్చు. 1710లో మొదలైన సన్ కంపెనీది సూర్యముఖం. పాతవాటి మీద పాలసీ నంబరు కూడా ఉంటుంది, అది చదవగలిగేంత దగ్గరగా తీయండి.

తలుపుల్లో తప్పనిసరిగా చూడవలసింది సెయింట్ పాల్స్ వీధిలోని బ్రేజన్‌నోజ్ (‘కంచు ముక్కు’) ద్వారం. 1333లో ఆక్స్‌ఫర్డ్‌తో తగువు పడి కొందరు గురువులు, విద్యార్థులు ఈ ఊరికి వచ్చేశారు. నోట్లో కడియం కరుచుకున్న కంచు మృగముఖం ఒకటి శతాబ్దాల పాటు ఇక్కడి తలుపు మీదే ఉంది. 1890లో ఆక్స్‌ఫర్డ్‌లోని బ్రేజ్‌నోస్ కాలేజీ దాన్ని తీసుకుపోయింది. ఇప్పుడు మీకు కనిపించేది నకలు. రాతి కమానుతో కలిపి తీయండి, కమాను అసలైనదే.

ఇక పాదాల దగ్గర చూడండి. మెట్ల పక్క బూట్ల బురద గీక్కునే ఇనుప పట్టీలు, బండ్ల ద్వారాల మూలల్లో చక్రాలు గోడను గీసుకోకుండా నాటిన రాళ్లు. చర్చి గోడల కింది భాగంలో అడ్డగీత కింద పైకి చూసే బాణం గుర్తు చెక్కి ఉంటే, అది బ్రిటన్ పటాలు గీసే ప్రభుత్వ సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్లు ఎత్తులు కొలవడానికి పెట్టుకున్నది. ఉపగ్రహాలు వచ్చాక దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు. తపాలా పెట్టెల మీది రాజముద్ర ఏ రాజుదో, రాణిదో చూడండి. ఎనిమిదో ఎడ్వర్డ్ 1936లో ఏడాది కూడా ఏలలేదు కాబట్టి ఆయన ముద్ర ఉన్న పెట్టె ఏ ఊళ్లో దొరికినా అదృష్టమే. వీటన్నిటికీ మోకాలి మీద కూర్చుని వాటి ఎత్తుకే కెమెరా దించాలి. నిలబడి కిందికి తీస్తే గోడతో సంబంధం తెగిపోతుంది.

7. లేత రాయి, తెల్లని ఆకాశం

ఈ ఊళ్లో ఎక్స్‌పోజర్ తప్పేది ఇక్కడే. ఎండలో సున్నపురాయి తెల్లబారిపోతుంది. ఫోనులో గోడ మీద వేలితో తాకి, వెలుగును కొంచెం కిందికి లాగండి. మబ్బు రోజున ఆకాశం తెల్లగా ఫ్రేమును తినేస్తే దాన్ని వదిలేసి గోడలతోనే ఫ్రేము నింపండి. ఎడిటింగ్‌లో రాయికి బంగారు రంగు పులమకండి, దాని సొంత రంగు దానికుంది.

8. చెక్కిన అక్షరాలు

సెయింట్ మార్టిన్స్ చర్చి ఆవరణలో డేనియల్ లాంబర్ట్ సమాధి ఉంది. 1809లో ఇక్కడ చనిపోయేనాటికి ఆయన బరువు 52 స్టోన్ల 11 పౌండ్లు, అంటే సుమారు 335 కిలోలు. ఆ లెక్కలన్నీ నల్లని పలకరాయి మీద చెక్కి ఉన్నాయి. ఎండ రాయికి ఎదురుగా ఉంటే అక్షరాలు మాయమవుతాయి. పక్క నుంచి గీరుకుంటూ పడినప్పుడే ప్రతి అక్షరానికీ నీడ వస్తుంది. ఎండ లేకపోతే స్నేహితుడి చేత ఫోను టార్చిని రాయి అంచు పక్కన పట్టించండి. సుద్ద పూయడం, రుద్దడం వద్దు, రాయి పాడవుతుంది.

9. మర్యాద, చట్టం

బహిరంగ స్థలంలో నిలబడి కట్టడాలను ఫోటో తీయడానికి అక్కడ ఎవరి అనుమతీ అక్కరలేదు. 1988 నాటి కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ కట్టడాలకూ, బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా ఉన్న శిల్పాలకూ ఈ వెసులుబాటు ఇస్తుంది. గోడ మీద వేసిన బొమ్మలకు, పోస్టర్లకు అది వర్తించదు. చట్టం ఒప్పుకున్నా కిటికీలోంచి ఇంటి లోపలికి కెమెరా పెట్టకండి. ఎవరైనా బయటికి వస్తే నవ్వి ఏం తీస్తున్నారో చెప్పండి. తమ గోడ మీద గవ్వలున్నాయని తెలియనివాళ్లు మీతో పాటు వంగి చూస్తారు.

10. ఇంటికొచ్చాక

ఆ రాత్రే ప్రతి ఫోటోకు వీధి పేరు, ఏ దిక్కు గోడ, తేదీ రాసుకోండి. వారం గడిస్తే మీగడ రంగు గోడలన్నీ ఒకటే అయిపోతాయి. హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ నిర్వహించే చారిత్రక కట్టడాల జాబితా ఇంటర్నెట్‌లో ఉచితం. వీధి పేరుతో వెతికితే ఆ ఇల్లు ఎప్పటిదో, ముఖం ఎప్పుడు మార్చారో దొరుకుతుంది. మూడు ఫోటోల వరస బాగా కుదిరితే ఎవరైనా ఉచితంగా వాడుకునే ఫోటోల నిల్వ వికీమీడియా కామన్స్‌కు ఎక్కించండి, అక్కడి నుంచి తెలుగు వికీపీడియా వ్యాసాల్లోనూ వాడుకోవచ్చు. ఫైలు పేరులో ఊరి పేరుతో ఆగకుండా వీధి పేరూ పెట్టండి.