లైవ్ సౌండ్ పాఠాలు – 6: స్టాండ్ మీది స్పీకర్‌ను ఎంత వంచాలి, దేనితో వంచాలి?

గత పాఠంలో స్పీకర్లను ఎక్కడ నిలబెట్టాలో, ఎంత ఎత్తులో ఉంచాలో చూశాం. హార్న్ (సన్నని, పదునైన శబ్దాలు, అంటే హై ఫ్రీక్వెన్సీలు వచ్చే భాగం) జనం తలలకంటే పైన ఉండాలన్నాం. అలా పైకి ఎత్తగానే ఇంకో సమస్య వస్తుంది. బాక్స్ నేరుగా ముందుకు చూస్తుంటుంది, వినేవాళ్లేమో కింద ఉంటారు. ఈ తేడాను సరిచేసేవే టిల్ట్ మౌంట్లు. ఈ పాఠంలో ముందు ఎన్ని డిగ్రీలు వంచాలో లెక్క కడదాం, తర్వాత మౌంట్ల రకాలు చూద్దాం. ఆ తర్వాత స్టాండ్ పడిపోకుండా చూసుకోవడం గురించి కాస్త ఎక్కువగానే చెబుతాను. సౌండ్ బాగా లేకపోతే సౌండ్ చెక్‌లో సరిచేసుకోవచ్చు. 20 కేజీల బాక్స్ మనిషి మీద పడితే సరిచేసుకోవడానికి ఏమీ ఉండదు.

వంచితే ఏం మారుతుంది?

మామూలు టూ-వే బాక్స్‌లో పైన హార్న్, కింద 12 లేదా 15 అంగుళాల వూఫర్ (బేస్ మోగించే స్పీకర్) ఉంటాయి. దాని వివరాల్లో 90×60 అని రాసి ఉంటే, సౌండ్ అడ్డంగా 90 డిగ్రీలు, నిలువుగా 60 డిగ్రీల మేర పరుచుకుంటుందని అర్థం. హార్న్ మధ్య నుంచి నేరుగా ముందుకు గీసిన గీతను అక్షం అందాం. నిలువు 60 అంటే అక్షానికి పైన 30, కింద 30. ఆ అంచుల దగ్గర హై ఫ్రీక్వెన్సీలు అక్షం మీద ఉన్నదానికంటే 6 డెసిబెల్స్ తగ్గుతాయి. అంచు దాటాక ఇంకా వేగంగా పడిపోతాయి.

ఈ అదుపు హై ఫ్రీక్వెన్సీల మీదే ఉంటుంది. 100 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు. అంత పెద్ద తరంగానికి బాక్స్ ఎటు చూస్తోందన్నది లెక్కే కాదు, అది అన్ని వైపులకూ వెళ్తుంది. 15 సెంటీమీటర్ల ఎత్తున్న హార్న్ నిలువు దిశలో గట్టిగా పట్టి ఉంచగలిగేది సుమారు 2–3 కిలోహెర్ట్జ్ నుంచి పైనే. అందుకే వంచినప్పుడు బేస్‌లో తేడా కోసం వెతక్కండి. మాటలో స, ష, త, క ఎంత తేటగా వినిపిస్తున్నాయో గమనించండి. పాటలోనైతే తాళాల మెరుపు, గాయకుడి ఊపిరి వినండి. వంపు వల్ల మారేది ఈ భాగమే.

ఎన్ని డిగ్రీలు?

దీనికి ఒక చిన్న లెక్క చాలు. హార్న్ ఎత్తులోంచి చెవి ఎత్తు తీసేయండి. వచ్చినదాన్ని స్పీకర్ నుంచి చివరి వరుస దాకా ఉన్న దూరంతో భాగించి, 57తో హెచ్చవేయండి. అక్షం చివరి వరుస చెవుల మీద పడడానికి కావలసిన వంపు డిగ్రీల్లో వస్తుంది. చిన్న కోణాలకు ఈ అడ్డదారి బాగా సరిపోతుంది.

హార్న్ నేల నుంచి 2.1 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. కుర్చీలో కూర్చున్నవాళ్ల చెవులు సుమారు 1.2 మీటర్ల దగ్గర ఉంటాయి. తేడా 0.9. చివరి వరుస 12 మీటర్ల దూరంలో ఉంటే 0.9ని 12తో భాగించగా 0.075, దాన్ని 57తో హెచ్చవేస్తే 4.3 డిగ్రీలు. అంతే! చాలామంది కంటి అంచనాతో 15, 20 డిగ్రీలు వంచేస్తారు. అలా చేస్తే ముందు మూడు వరుసలవాళ్ల చెవులు హోరెత్తుతాయి, వెనకవాళ్లకు మాట అర్థం కాదు.

చివరి వరుసకే ఎందుకు గురిపెట్టాలి? మనం వాడే ఇలాంటి బాక్సుల సౌండ్ ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది. 3 మీటర్ల దగ్గర కూర్చున్నవాళ్లకూ 12 మీటర్ల దగ్గరవాళ్లకూ తేడా దాదాపు 12 డెసిబెల్స్. అక్షం మీది బలమైన సౌండ్‌ను దూరంగా ఉన్నవాళ్లకు ఇచ్చి, దగ్గరివాళ్లకు పక్కకు జారిన కాస్త బలహీనమైన సౌండ్ ఇస్తే ఈ తేడా కొంత పూడుతుంది.

ఇదే బాక్స్‌ను మీటరు ఎత్తున్న స్టేజీ మీద పెడితే కథ మారిపోతుంది. హార్న్ ఇప్పుడు 3.1 మీటర్ల దగ్గర, చెవి కంటే 1.9 మీటర్లు పైన ఉంది. 12 మీటర్ల దూరానికి వంపు 9 డిగ్రీలు. వంచకుండా వదిలేస్తే, 3 మీటర్ల దగ్గరున్న మొదటి వరుస అక్షానికి 32 డిగ్రీలు కిందకు వస్తుంది, అంటే మన 30 డిగ్రీల అంచుకు అవతల పడుతుంది. ఖరీదైన ముందు సీట్లలో కూర్చున్నవాళ్లకే మాట మసకగా వినబడడానికి చాలాచోట్ల ఇదొక కారణం. ఈక్వలైజర్‌లో హై పెంచి దీన్ని సరిచేయలేం. పెంచిన హై మిగతావాళ్లందరి చెవుల్లో గుచ్చుకుంటుంది.

జనం నిలబడి వినే కార్యక్రమమైతే చెవి ఎత్తు 1.6 మీటర్లుగా తీసుకోండి. అప్పుడు వంపు కంటే ముందు స్టాండ్ ఎత్తు పెంచడం గురించి ఆలోచించాలి. వెనక వరుసలు మెట్లలా పైకి లేచే హాల్లో అసలు వంచాల్సిన పనే ఉండకపోవచ్చు.

ఒక సందర్భంలో మాత్రం లెక్కలో వచ్చినదానికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే వంచుతాను. వెనక గోడ నున్నగా, బోడిగా ఉన్న హాలది. వంచని బాక్స్ అక్షం తలల మీదుగా పోయి ఆ గోడకు కొట్టుకుంటుంది. గోడ 15 మీటర్ల దూరంలో ఉంటే సౌండ్ వెళ్లి వెనక్కి రావడానికి 30 మీటర్ల ప్రయాణం, దాదాపు 87 మిల్లీసెకన్లు. స్టేజీ మీద మాట్లాడేవాళ్లకు తమ మాటే విడిగా తిరిగొచ్చి వినిపిస్తుంది, తడబడిపోతారు. స్టాండ్ నేల మీదే ఉండి, హార్న్ 2.1 మీటర్ల ఎత్తున ఉన్న మన మొదటి బాక్స్‌ను 7.5 డిగ్రీలు వంచితే అక్షం 7 మీటర్ల లోపే జనం మీద పడుతుంది. మనుషులు, వాళ్ల బట్టలు హై ఫ్రీక్వెన్సీలను బాగా పీల్చుకుంటాయి. వెనక వరుసలో కాస్త హై తగ్గినా ఈ బేరం లాభమే. ఆరుబయట ఆ గోడ లేదు కాబట్టి లెక్కలో వచ్చిన అంకెకే కట్టుబడతాను.

దేనితో వంచాలి?

అన్నిటికంటే మంచిది బాక్స్‌తోనే వచ్చే రెండో రంధ్రం. చాలా బాక్సుల అడుగున పోల్ దూర్చడానికి రెండు గుంటలు ఉంటాయి, ఒకటి నిటారుగా, ఇంకొకటి ఏటవాలుగా. క్యూఎస్‌సీ కె.2 బాక్సుల్లో రెండోది 7.5 డిగ్రీలు, యమహా డీఎక్స్‌ఆర్‌లో 7 డిగ్రీలు. కదిలే భాగాలు లేవు, జారే నట్టు లేదు. కోణం మార్చుకోలేమన్నది ఒక్కటే లోపం. మీ బాక్స్‌కు ఇది ఉంటే, లెక్కలో 5 నుంచి 9 మధ్య ఏది వచ్చినా దీన్నే వాడుకోండి. ఒకటి రెండు డిగ్రీల తేడా కోసం వేరే మౌంట్ కొనక్కర్లేదు. మిగిలిన తేడాను స్టాండ్ ఎత్తు కొంచెం మార్చి సర్దుకోవచ్చు.

అది లేని బాక్స్‌కు టిల్ట్ అడాప్టర్ కావాలి. ఇది పోల్‌కూ బాక్స్‌కూ మధ్య కూర్చునే ఉక్కు కీలు. కింది భాగం పోల్‌కు బిగుస్తుంది, పై ముక్క బాక్స్ గుంటలోకి దూరుతుంది. పళ్లతో లాక్ అయ్యేవి, పిన్ను గుచ్చేవి, కేవలం నాబ్ బిగింపు మీద ఆధారపడేవి దొరుకుతాయి. నాబ్ బిగింపు ఒక్కటే ఉన్నదాన్ని 10 కేజీలు దాటిన బాక్స్‌కు నేను వాడను. బేస్ అదురుకు నాబ్ కొద్దికొద్దిగా వదులవుతుంది. పళ్లున్నదాన్ని బిగించేటప్పుడు పళ్లు పూర్తిగా ఒకదానిలో ఒకటి దిగాయో లేదో కంటితో చూడండి. పన్ను మీద పన్ను ఎక్కి ఆగితే నాబ్ గట్టిగానే తగులుతుంది, బాక్స్ మాత్రం ఎప్పుడైనా ఒక్క కుదుపుతో దిగిపోవచ్చు.

మూడో రకం యూ ఆకారపు బ్రాకెట్. ఇది బాక్స్‌ను రెండు పక్కలా లేదా పైనా కిందా పట్టుకుంటుంది, దాని మధ్యలో పోల్ అడాప్టర్ ఉంటుంది. పక్కల పట్టుకునే బ్రాకెట్‌లో ఇరుసు బాక్స్ గరిమనాభికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎంత వంచినా బరువు పెద్దగా ముందుకు జరగదు. 15 డిగ్రీలు దాటి వంచాల్సి వస్తే నా ఓటు దీనికే. బరువు, ధర రెండూ ఎక్కువే.

కొనే ముందు పోల్ వ్యాసం కొలవండి. ఎక్కువగా కనిపించేది 35 మిల్లీమీటర్లు, కానీ 38 కూడా ఉంటుంది. 38 గుంటలో 35 పోల్ పెడితే, గుంట లోతు 80 మిల్లీమీటర్లనుకుంటే, ఆ వదులు వల్లే బాక్స్ 2 డిగ్రీల దాకా అటూ ఇటూ ఊగుతుంది. దానికి ప్లాస్టిక్ స్లీవ్ వేయాలి. గుడ్డో, టేపో చుట్టి సరిపెట్టకండి.

బరువు ఎటు జరుగుతోంది?

బాక్స్ గరిమనాభి అడాప్టర్ ఇరుసుకు 30 సెంటీమీటర్ల పైన ఉందనుకుందాం. 10 డిగ్రీలు వంచితే అది 5 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది, 20 డిగ్రీలకు 10. చూడడానికి చిన్న అంకెలే. ట్రైపాడ్ కాళ్ల పక్కన పెట్టి చూస్తే వాటి అసలు విలువ తెలుస్తుంది.

పోల్ నుంచి ప్రతి కాలి కొనకు 55 సెంటీమీటర్లుందనుకోండి. రెండు కాళ్ల కొనల్ని కలిపే గీత మాత్రం పోల్‌కు 27.5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. స్టాండ్ బోర్లా పడేది ఆ గీత మీదుగానే. 20 కేజీల బాక్స్, 5 కేజీల స్టాండ్, బాక్స్ మధ్యభాగం 2 మీటర్ల ఎత్తున ఉన్నాయి. వంచకుండా ఆ గీత వైపు తోస్తే పడేయడానికి సుమారు 3.4 కేజీల తోపు చాలు. 10 డిగ్రీలు వంచాక 2.9. ఇప్పుడు స్టాండ్‌ను తిప్పి ఒక కాలు సరిగ్గా బాక్స్ చూస్తున్న వైపు పెట్టండి. అదే వంపుతో ముందుకు పడేయడానికి 6.4 కేజీలు కావాలి. పైసా ఖర్చు లేకుండా రెట్టింపుకు పైగా భద్రత వచ్చింది. ముందుకు చాచిన ఆ కాలు జనానికి తగలకుండా చుట్టూ తాడు కట్టండి లేదా బారికేడ్ పెట్టండి.

ఆరుబయట గాలిని కూడా కలుపుకోవాలి. 40 సెంటీమీటర్ల వెడల్పు, 70 ఎత్తు ఉన్న బాక్స్‌ను గంటకు 36 కిలోమీటర్ల గాలి దాదాపు 2 కేజీల బలంతో తోస్తుంది. పైన చెప్పిన 2.9 పక్కన దీన్ని పెట్టి చూడండి. ఇసుక మూటలు ఎందుకు వేయాలో వేరే చెప్పక్కర్లేదు. మూటను వంపు దిశకు ఎదురుగా, వెనక కాళ్ల మీద వేయాలి.

అడాప్టర్ లేదని ఒక కాలి కింద ఇటుక పెట్టి స్టాండ్ మొత్తాన్ని వంచేవాళ్లున్నారు. ఎంత తొందరలో ఉన్నా ఆ పని చేయకండి. 2 మీటర్ల ఎత్తున్న గరిమనాభి 10 డిగ్రీల వంపుకు 35 సెంటీమీటర్లు ముందుకొస్తుంది. మన గీత 27.5 దగ్గరే అయిపోయింది. వంచాల్సింది బాక్స్‌ను, పోల్ ఎప్పుడూ నిట్టనిలువుగానే ఉండాలి.

ఎక్కించే వరుస

అడాప్టర్‌ను బాక్స్‌కు నేల మీదే తగిలించి, కోణం అక్కడే పెట్టి, బిగించేయండి. స్టాండ్‌ను పూర్తిగా కిందికి దించి, కాళ్ల మధ్య పట్టీలు నేలకు సమాంతరంగా వచ్చేలా తెరవండి. ఇద్దరు కలిసి బాక్స్‌ను పోల్ మీదికి ఎక్కించి, గుంట పక్కన స్క్రూ ఉంటే బిగించి, ముందు కాలు బాక్స్ ముఖానికి సూటిగా ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాతే పైకి ఎత్తండి. ఎత్తాక పోల్ రంధ్రంలో పిన్ను గుచ్చడం మరవద్దు, పోల్‌ను ఆ ఎత్తులో పట్టి ఉంచే కాలర్ బిగింపును ఒక్కదాన్నే నమ్మకూడదు. కోణం మార్చాలనిపిస్తే మళ్లీ కిందికి దించాల్సిందే. బాక్స్ పైన ఉండగా టిల్ట్ నాబ్ వదులు చేయడమంటే 20 కేజీలను ఒక్క చేత్తో ఆపుతానని పందెం కాయడమే.

కోణం కొలవడానికి ఫోన్‌లో లెవల్ యాప్ సరిపోతుంది. దాన్ని బాక్స్ పై పలక మీద పెట్టకండి. కొన్ని బాక్సుల పై పలక వెనక్కి వాలి ఉంటుంది, కొలత తప్పుతుంది. ముందు జాలీ చదునుగా ఉంటే దానికి ఆనించి, నిలువు నుంచి ఎంత తప్పిందో చూడండి.

తర్వాత పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన పరీక్ష శబ్దం) వేసి, ఒక్క స్పీకర్‌నే మోగించి, మొదటి వరుస నుంచి చివరి దాకా నడవండి. కూర్చునే సభ అయితే ఆగిన ప్రతిచోటా కుర్చీలో కూర్చుని వినండి. బుస్‌మనే పై భాగం ఒక్కసారిగా మసకబారే చోటు ఉందంటే అక్కడ కవరేజీ అంచు తగిలినట్టే. సౌండ్ చెక్ అయ్యాక ఒకసారి, కార్యక్రమం మధ్య విరామంలో ఒకసారి నాబ్‌లన్నీ చేత్తో బిగించి చూసుకోండి.

వచ్చే పాఠానికి ముందు ఈ లెక్క చేసి పెట్టుకోండి. స్టేజీ ఎత్తు 0.8 మీటర్లు, స్టేజీ నేల నుంచి హార్న్ 2 మీటర్లు, చివరి వరుస 15 మీటర్ల దూరం, అందరూ కూర్చుని ఉన్నారు, వెనక బోడి గోడ ఉంది. ఎన్ని డిగ్రీలు, ఏ రకం మౌంట్, ముందు కాలు ఎటు వైపు? సమాధానం చూసుకున్నాక, ట్రైపాడ్ బదులు సబ్‌వూఫర్ మీద పోల్ నిలబెట్టి ఇదే లెక్కను మళ్లీ చేద్దాం.